తేలినీలాపురం నుంచి పులికాట్ దాకా: నలుగురం, ఒక కారు, ఊరికో గైడు

పదహారో నంబరు జాతీయ రహదారి మీద పోయేవాళ్లకు టోల్‌గేట్లు, దాబాలు, రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లు తప్ప పెద్దగా ఏమీ కనపడవు. కానీ ఆంధ్ర తీరంలో పేరున్న పక్షి స్థావరాలు చాలావరకు ఈ రోడ్డుకు అటో ఇటో, మహా అయితే గంటన్నర ప్రయాణంలో ఉన్నాయి. ఉత్తరాన టెక్కలి దగ్గర తేలినీలాపురం, తర్వాత కాకినాడ దగ్గర కోరంగి, కొల్లేట్లో ఆటపాక, గుంటూరు పక్కన ఉప్పలపాడు, చివర్న నేలపట్టు, పులికాట్. ఒకే రోడ్డు పట్టుకుని పైనుంచి కిందికి దిగుతూ ఇవన్నీ చూడాలని మాకు చాలాకాలంగా కోరిక. సంక్రాంతి హడావుడి తగ్గాక జనవరిలో కుదిరింది. గూళ్లలో పిల్లలుంటాయి, వలస వచ్చినవి ఇంకా వెళ్లవు, ఎండా ముదరదు. ఇంతకంటే మంచి అదను ఉండదు.

నలుగురం బయల్దేరాం. బోటనీ చెప్పి రిటైరైన మేష్టారు, కెమెరా మిత్రుడు, లిస్టు మిత్రుడు, నేను. కెమెరా మిత్రుడి లెన్సుకు కారులో ఒక సీటు కేటాయించాల్సి వచ్చింది. లిస్టు మిత్రుడు ఏ పిట్ట కనపడినా ముందు ఫోను తీసి ఈబర్డ్ అనే పిట్టల లెక్కల యాప్‌లో ఎక్కించి, ఆ తర్వాతే తలెత్తి చూస్తాడు. మేష్టారు చెట్టును చూస్తారు, దానిమీద పిట్ట ఉంటే అది అదనం.

ప్లాన్ వేసేటప్పుడు మొదటి పేచీ గైడ్ల గురించే వచ్చింది. ఏ చోట ఏ నెలలో ఏ పిట్ట కనపడిందో అంతా యాప్‌లో ఉంది కదా, మళ్లీ మనిషెందుకు అని లిస్టు మిత్రుడు. ఊరికో మనిషి ఉండాల్సిందే, లేకపోతే నేను రాను అని మేష్టారు. పెద్దాయన మాట చెల్లింది. అటవీ శాఖ వాళ్ల పక్షి కేంద్రాలున్న చోట అక్కడి వాచర్లనో, వాళ్లు చెప్పిన ఊరి కుర్రాళ్లనో మాట్లాడుకున్నాం. కాకినాడలో పడవ నడిపే మనిషి నంబరు అక్కడి పక్షి ప్రేమికుల ద్వారా దొరికింది. అందరికీ ఫోన్లోనే మూడు సంగతులు చెప్పాం. ఫోన్లో పిట్ట కూత మోగించి పిలవడం వద్దు, గూళ్ల కిందికి తీసుకెళ్లొద్దు, కూలి ముందే తేల్చుకుందాం. మూడోది వినగానే ఒకాయన హాయిగా నవ్వాడు. వచ్చేవాళ్లలో చాలామంది ఆ మాట చివర్లో ఎత్తుతారట.

వైజాగ్ నుంచి ముందు ఉత్తరానికి, తేలినీలాపురం వైపు. వెళ్లేసరికి ఊరు అప్పుడే లేస్తోంది. పక్షులు ఊరి బయట ఎక్కడో కాదు, ఇళ్ల మధ్యనున్న చింతచెట్ల మీదే ఉన్నాయి. పెంకుటింటి పక్కనే చెట్టు, దాని కొమ్మల నిండా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు. ఆకులు, కొమ్మలు, కింద దారి, పశువుల పాక కప్పు అన్నీ రెట్టతో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. వాసన గురించి చెప్పకపోతే అబద్ధమాడినట్టే. కుళ్లిన చేపల వాసన బట్టలకు పట్టి ఆ రోజంతా మాతోనే ప్రయాణం చేసింది.

మేం నలుగురం తలలెత్తి పైకి చూస్తుంటే గైడు కుర్రాడు నేలకేసి చూస్తూ నడుస్తున్నాడు. "పైకేటి చూత్తారు బాబూ, కింద చూడండి. చేప పడిందంటే పైన పిల్లలున్నట్టు లెక్క" అన్నాడు. చెప్పిన రెండు నిమిషాలకే అరచేయంత చేప ఒకటి మేష్టారి చెప్పు పక్కన పడింది. పైన చూస్తే గూడబాతు పిల్ల, ఇంకా సరిగా ఈకలు రానిది, తల్లి నోరు తెరవగానే తలా మెడా మొత్తం దాని ముక్కు కింది సంచిలోకి దూర్చేసింది. తల్లి గొంతు చర్మం లోపల పిల్ల తల ఇటూ అటూ కదులుతున్నది బయటికి స్పష్టంగా తెలుస్తోంది. తిండి కాగానే పిల్ల బయటికొచ్చి, రెక్కలు బార్లా చాపి, గూట్లో పడి కొట్టుకుంది. చచ్చిపోతుందేమోనని కెమెరా మిత్రుడు కంగారుపడ్డాడు. "కడుపు నిండితే అంతే" అన్నాడు కుర్రాడు, తల కూడా ఎత్తకుండా.

ఓ ముసలమ్మ అరుగు మీద కూర్చుని మమ్మల్ని గమనిస్తోంది. ఆవిడ్ని పలకరిస్తే, "మా ఆడపిల్లలు బాబూ ఇవి. పురిటికొత్తాయి, పిల్లల్ని లేవదీసుకుని ఎల్లిపోతాయి" అంది. ఈ మాట ఆ ఊళ్లో అందరూ అంటారు. పక్షులు రాని ఏడు ఊరికి మంచిది కాదని కూడా నమ్ముతారు. ఆ నమ్మకమే లేకపోతే పెరట్లో చింతచెట్టుకు కాసే కాయల్ని, వాకిట్లో శుభ్రాన్ని వదులుకుని ఎవరు భరిస్తారు? 2021-22 శీతాకాలంలో ఇక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి చేరే నులిపురుగులే కారణమని తేల్చారు. ఆ సంగతి అడిగితే ముసలమ్మ ముఖం తిప్పేసుకుంది. మేం మళ్లీ ఎత్తలేదు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. తేలినీలాపురంలోనే కాదు, దారి పొడుగునా ఎవరిని అడిగినా ఇవి సైబీరియా నుంచి వచ్చాయనే అంటారు. పత్రికలూ ఏటా అదే రాస్తాయి. గూడబాతుకూ ఎర్రకాళ్ల కొంగకూ సైబీరియాతో ఏ సంబంధమూ లేదు. రెండూ మన దక్షిణాసియా పిట్టలే. నీళ్లూ చేపలూ ఎక్కడ బాగుంటే అక్కడికి వెళ్లి గూడు కడతాయి, పిల్లలు ఎగరగలిగాక చెదిరిపోతాయి. లిస్టు మిత్రుడు కుర్రాడికి ఈ సంగతి వివరించబోతే మేష్టారు మోచేత్తో పొడిచారు. పుట్టింటికి వచ్చిన పిల్ల ఏ ఊరి నుంచి వస్తే ఏంటయ్యా అని ఆయన వాదన. నాకు మాత్రం చెప్పడమే మంచిదనిపించింది. ఎక్కడో మంచు దేశం నుంచి వచ్చాయనుకుంటే, వెళ్లిపోయాక వాటి బాధ్యత మనది కాదనుకుంటాం. ఇక్కడి గూడు వదిలి వెళ్లేది పక్క జిల్లా చెరువుకే అని తెలిస్తే ఆ చెరువు గురించీ ఆలోచిస్తాం.

సైబీరియా నుంచి నిజంగా వచ్చిన వాటిని కాకినాడలో చూశాం.

కాకినాడ కోసం లిస్టు మిత్రుడు తెల్లవారుజామునే పడవ ఎక్కేద్దామని పట్టుబట్టాడు. పిట్టలు చూసేవాళ్లందరికీ ఉన్న అలవాటే, పొద్దు పొడిచే వేళకి అక్కడుండాలి. పడవ మనిషి ఫోన్లోనే కాదన్నాడు. "పొద్దున పాటు టైమండి. నీళ్లు లాగేసుంటాయి, బురద మైళ్ల దూరం బయటపడుంటది. పిట్టలన్నీ ఎక్కడెక్కడికో చెదిరిపోయుంటాయి. మీకేం కనపడవండి. పోటు ఎక్కేటప్పుడు రండి" అన్నాడు. సముద్రం నీళ్లు పైకి వస్తున్న కొద్దీ బురద మేటలు ఒకటొకటే మునుగుతాయి. వాటి మీద పురుగులూ చిన్న గుల్లలూ ఏరుకు తింటున్న పిట్టలన్నీ నీళ్ల ముందు వెనక్కి జరుగుతూ జరుగుతూ చివరికి మునగని ఒక్క ఇసుక దిబ్బ మీదికి చేరతాయి. అప్పుడు మనం వాటిని వెతకనక్కర్లేదు, నీళ్లే వాటిని పోగుచేసి పెడతాయి. అందుకని పొద్దున్నంతా కోరంగి మడ అడవిలో చెక్కబాట మీద తిరిగాం. మేష్టారికి పండగ. తెల్లమడ ఆకు వెనక్కి తిప్పి ఉప్పు చూపించడం, తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ఎంత ప్రమాదమో చెప్పడం, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్ల మీద చిన్న క్లాసు. నల్ల టోపీ లకుముకి పిట్ట ఒకటి చాలాసేపు మా ఎదురుగానే కొమ్మ మీద కూర్చుంది. ఆ పూటకు కెమెరా మిత్రుడి ఆకలి దాంతోనే తీరింది.

మధ్యాహ్నం పడవ. గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో ఏర్పడిన తిన్నె, కొస దగ్గర హోప్ ఐలాండ్, కాకినాడ అఖాతానికి గోడలా అడ్డం పడుకుని ఉంటుంది. బంగాళాఖాతం పోటెత్తినా అఖాతంలో నీళ్లు నిమ్మళంగా ఉండేది దానివల్లే. పడవాయన ఇంజను చాలా ముందే ఆపేశాడు. కెమెరా మిత్రుడు ఇంకాస్త, ఇంకాస్త అంటూనే ఉన్నాడు. ఆయన వినిపించుకోకుండా గెడ వేసుకుంటూ, గాలి ఎటు వీస్తుందో చూసుకుంటూ, నేరుగా కాకుండా పక్కవాటుగా పోనిచ్చాడు. నేరుగా వస్తున్న పడవను చూస్తే పిట్ట లేస్తుందట, పక్కనుంచి పోయేదాన్ని పట్టించుకోదట. తర్వాత మేమే గమనించాం, అంతదూరంలో చేపల పడవలు దాటిపోతున్నా గుంపు తల తిప్పలేదు.

దిబ్బ మీద మొదట నాకు కనపడింది ఇసుకే. స్పాటింగ్ స్కోపు పెట్టి చూస్తే ఆ ఇసుక సగం పిట్టలు. గాలికి ఎదురు నిలబడి, ఒంటికాలి మీద, ముక్కు వీపు ఈకల్లో దాచుకుని, పక్కపక్కన ఒరుసుకుంటూ. ముందు వరసలో పొడుగు వంకర ముక్కుల కర్లూలు, వాటి కాళ్ల మధ్య పిచ్చుకంత స్టింట్‌లు. ముప్పై గ్రాములైనా తూగవు ఆ స్టింట్‌లు. ఆర్కిటిక్ తీరాల్లో గుడ్లు పెట్టి, ఇక్కడి బురద కోసం ఇంతదూరం వస్తాయి. లిస్టు మిత్రుడు ఊపిరి బిగపట్టి "గ్రేట్ నాట్" అన్నాడు. ఈశాన్య సైబీరియా కొండల మీద గూడు పెట్టే పిట్ట అది. చైనా, కొరియా మధ్య పసుపు సముద్రం ఒడ్డు బురదనేలల్ని పూడ్చేస్తుంటే దారిలో తిండి దొరక్క తగ్గిపోయి, ప్రపంచవ్యాప్తంగా ఆపదలో ఉన్న జాతుల జాబితాకు ఎక్కింది. చూడ్డానికేమో బూడిదరంగు, ఛాతీ మీద మచ్చలు, అంతే. తేలినీలాపురంలో వంద ఫొటోలు తీసిన కెమెరా మిత్రుడు దీనికి నాలుగు తీసి చాలించాడు. అందం లేని పిట్టకు అభిమానులు తక్కువ.

ఉన్నట్టుండి దిబ్బంతా ఒక్కసారి లేచింది. మేం కదల్లేదు. పడవాయన ఆకాశం వైపు చూపించి "బైరి" అన్నాడు. బైరి డేగ ఒకటి ఎత్తునుంచి రెక్కలు ముడుచుకుని దిగింది. గుంపు మొత్తం ఒకే దెబ్బకు పక్కకు తిరిగితే నల్లగా, మళ్లీ తిరిగితే పొట్టల తెలుపు మెరిసి మాయమైనట్టుగా. డేగ రెండుసార్లు గుంపును చీల్చింది, రెండుసార్లూ ఉత్త కాళ్లతో పోయింది. పిట్టలు మళ్లీ దిగేటప్పుడు చూశాం, నాట్‌ల వెనక, నీటి అంచున నారింజ రంగు ముక్కులు. స్కిమ్మర్లు. పై ముక్కు పొట్టి, కింది ముక్కు పొడుగు. ఆ కింది ముక్కుతో నీటిని గీసుకుంటూ ఎగిరి, చేప తగిలితే టక్కున మూసేస్తుంది. నదుల్లో ఇసుక మేటల మీద గుడ్లు పెట్టి, చలికాలం ఇటు వస్తాయి. ప్రపంచంలో ఇవి కొన్ని వేలే మిగిలాయి. కానీ అప్పటికే పోటు ఆగి, నీళ్లు మళ్లే వేళైంది. "ఇంక చెదిరిపోతాయండి, పదండి" అని పడవాయన గెడ తిప్పేశాడు. ఇంకో పది నిమిషాలు ఉండమంటే ఉండేవాడేమో, మేష్టారు అడగనివ్వలేదు. విశ్రాంతి తీసుకునే పిట్టను లేపిన ప్రతిసారీ దాని ప్రయాణం ఖర్చు మనం తిన్నట్టేనని ఆయన లెక్క.

కొల్లేరు చేరేసరికి మాకు బాగా అలవాటైపోయింది, గైడు ఎటు చూస్తున్నాడో అటు చూడడం. ఆటపాకలో పడవెక్కి ఇనుప స్టాండ్ల మీద గూడబాతుల గూళ్లు చూశాం. చెట్లు లేని చోట అటవీ శాఖ ఇనుప చట్రాలు పాతితే, వాటి మీద అంతస్తులుగా గూళ్లు కట్టుకున్నాయి. చూడ్డానికి పక్షులున్న కరెంటు సబ్‌స్టేషన్ అనిపిస్తుంది గానీ, పిట్టకు కావాల్సింది చుట్టూ నీళ్లు, కింద నుంచి ఎవరూ ఎక్కలేని ఎత్తు. ఆ రెండూ ఉన్నాయి. 1946లో నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల స్థావరాన్ని మళ్లీ కనిపెట్టినప్పుడు సుమారు 3000 పక్షులు అక్కడ గూళ్లు కట్టేవట. 1975 వచ్చేసరికి అది పూర్తిగా ఖాళీ అయింది. ఆ తర్వాత ఎప్పటికో ఇలా ఇనుము మీదికి తిరిగొచ్చాయి.

ఆటపాక గైడు ఒకప్పుడు చేపల చెరువు కాపలాదారు. టపాకాయలు పేల్చి కొంగల్ని తోలడం అప్పటి ఉద్యోగం. అదే మనిషి ఇప్పుడు వాటిని చూపించి కూలి తీసుకుంటున్నాడు. "ఏ చెరువులో పట్టుబడో కనుక్కుంటే పిట్టలెక్కడున్నాయో తెలిసినట్టేనండి" అని ఎవరికో ఫోన్ చేసి, మమ్మల్ని గట్ల మీదుగా తీసుకుపోయాడు. వల లాగేశాక చెరువు అడుగున మిగిలిన నీళ్లలో చిల్లర చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. గూడబాతులు, నీటికాకులు, తెల్లకొంగలు, తెడ్డుమూతి కొంగలు, పైన గరుడ గద్దలు, ఎవరి వాటా వాళ్లది. నత్తగుల్ల కొంగ ఒకటి గట్టుకు చాలా దగ్గర్లో నత్తను పట్టుకుంది. దాని పై ముక్కుకూ కింది ముక్కుకూ నడుమ సందు ఉంటుంది, ముక్కు మూసినా అవతలి వెలుతురు కనపడుతుంది. గుల్ల పగలగొడుతుందేమోనని ఎదురుచూశాం. పగలగొట్టలేదు. నీళ్లలోనే గుల్లను అదిమిపట్టి, కింది ముక్కు కొసను మూత సందులోకి దూర్చి, కాసేపు తంటాలు పడి, నత్తను మెత్తగా బయటికి లాగేసింది. గుల్ల నీళ్లలో తేలింది, ఎక్కడా బీట కూడా లేదు.

చెరువు రైతు మా దగ్గరికొచ్చి, ఫొటోలు తీసుకుంటున్నారు సరే, ఇవి నాకు చేసే నష్టం ఎవరిస్తారండీ అని నిలదీశాడు. మా దగ్గర జవాబు లేదు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, లోపలి చెరువు గట్లు కొట్టేశారు. ఆ గొడవ గాయాలు ఊళ్లలో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కాపలాదారు పని చేసి వచ్చిన మన గైడే ఆ రైతును భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయి మాట్లాడాడు. ఇద్దరూ నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఏం చెప్పాడో మాకు చెప్పలేదు.

ఉప్పలపాడు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఊరి చెరువు, అందులో సర్కారు తుమ్మ చెట్లు, ఒడ్డున నిలబడితే చాలు, పక్షులు చేయి చాస్తే అందేంత దగ్గర. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, పిల్లలతో వచ్చేవాళ్లు ముందు ఇక్కడికే రావాలి. మాకు మాత్రం కోరంగి తర్వాత ఇది సులువైపోయింది. గుంటూరు దాటి నెల్లూరు వైపు పోయేటప్పుడు రోళ్లపాడు వెళ్దామా అన్న చర్చ కూడా లేచింది. 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే ప్రకటించిన అభయారణ్యం అది. ఇప్పుడు అక్కడ బట్టమేక పిట్ట కనపడడమే అపురూపం. చలికాలం గడ్డిలో రాత్రి బసకు దిగే హ్యారియర్ గద్దల్ని చూడాలని నాకుంది. కానీ రూటుకు పూర్తిగా పక్కన, నంద్యాల జిల్లాలో. వదిలేశాం.

నేలపట్టు దొరవారిసత్రం పక్కన, హైవేకు దగ్గర్లోనే ఉంది. 1976లో పక్షి అభయారణ్యమైన ఈ చెరువులో నీటి కడప చెట్లు మొదలంటా నీళ్లలో నిలబడి ఉంటాయి. చెట్టు కొమ్మలు గుబురుగా, గొడుగులా పరుచుకుని ఉండేసరికి దాని మీద గూళ్లు కుదురుగా కూర్చుంటాయి. చింతచెట్టు, ఇనుప స్టాండు, సర్కారు తుమ్మ చూసొచ్చాక, అసలు గూడబాతుకు సొంతిల్లు ఇదేననిపించింది. మేష్టారు అరగంటసేపు చెట్టు గురించి మాట్లాడితే ఈసారి ఎవరూ అడ్డుపడలేదు. వాచర్ మమ్మల్ని టవర్ మెట్ల దగ్గరే ఆపాడు. "ఏంది సార్ అట్ట ఎగబడతా ఉండారు. ముందు చెవులు పెట్టి ఇనండి" అన్నాడు. నిజమే, అంత గోలలో గూడబాతు పెద్దల గొంతు దాదాపు వినపడదు. అరిచేదంతా పిల్లలే. పిల్లల గోల ఏ చెట్టు నుంచి ఎక్కువగా ఉందో దాన్ని బట్టి ఆ చెట్టు మీద పిల్లల వయసు చెప్తాడతను. ఆ తర్వాత పైకెక్కి స్కోపులో చూస్తే చెప్పింది చెప్పినట్టే ఉంది. కాస్త రెక్కలు వచ్చినవి ఒక చెట్టు మీద, ఇంకా గులాబీ రంగు ముద్దల్లా ఉన్నవి ఇంకో చెట్టు మీద. తెల్ల కంకణాయిలు, నీటికాకులు మధ్య కొమ్మల్లో సర్దుకున్నాయి. పక్షుల రెట్ట కలిసిన ఈ చెరువు నీళ్లు పారిన పొలాలకు ఎరువు ఖర్చు తక్కువని రైతులు సంబరంగా చెప్పారు. కొల్లేటి రైతు మాటలు చెవిలో ఉండగానే ఈ మాట వినడం మాకు కాస్త ఊరట.

చివరిది పులికాట్. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది. రాకెట్లు ఎగిరేది అటు చివర. రెండు పక్కలా నీళ్లు, ఆ నీళ్లలో ఫ్లెమింగోలు, బస్సులూ బైకులూ రయ్యిన పోతూనే ఉంటాయి. ఇంత తేలిగ్గా కనపడేవాటికి గైడెందుకని లిస్టు మిత్రుడు మళ్లీ అందుకున్నాడు. మా గైడు సరస్సులో వేట చేసే మనిషి. అతను నీళ్ల రంగు చూస్తూ కారును రెండుచోట్ల ఆగనివ్వకుండా ముందుకు పోనిచ్చాడు. "ఈడ లోతుండాది సార్, బాతులే ఉంటాయి" అన్నాడు. నిజంగానే సూదితోక బాతులు తప్ప ఏమీ లేవు. అటకానితిప్ప దాటాక ఒకచోట ఆపించాడు. మోకాలి లోతు నీళ్లు, కింద మెత్తటి బురద. ఫ్లెమింగోలు రోడ్డుకు ఎంత దగ్గరగా ఉన్నాయంటే కెమెరా మిత్రుడు పెద్ద లెన్సు తీసేసి చిన్నది పెట్టుకున్నాడు.

అంత దగ్గర్నుంచి చూస్తే అవి చేసే పని అర్థమైంది. పొలంలో దమ్ము చేసినట్టు ఉన్నచోటే కాళ్లతో బురద తొక్కుతూ గుండ్రంగా తిరుగుతాయి. బురద కలిగి పైకి లేచిన నీళ్లలో తల తలకిందులుగా ముంచి, ముక్కులోంచి నీళ్లు పీల్చి వదులుతూ, అందులోని సన్నటి జీవాల్ని లోపలి జల్లెడలో పట్టేస్తాయి. ఆ తిండిలోని రంగే ఈకలకు పడుతుంది. గుంపులో కొన్ని మట్టిరంగులో ఉన్నాయి, పెద్దవి కాకపోయినా ఎత్తులో పెద్దవాటికి కొంచెమే తక్కువ. అవి వేరే జాతేమోనని రోడ్డు మీద ఆగిన కుటుంబం ఒకటి వాదించుకుంటోంది. పోయిన కొన్నేళ్లలో పుట్టినవి, ఇంకా రంగెక్కలేదు అని మా గైడు వాళ్లకీ చెప్పాడు.

కాసేపటికి ఎవరో కారు దిగి, గుంపు ఎగిరితే వీడియో బాగుంటుందని చప్పట్లు కొడుతూ ఒడ్డుకు దిగారు. మాకంటే ముందు మా గైడు వాళ్ల మీదికి పోయాడు. నెల్లూరు యాసలో తిట్లు నేను ఇక్కడ రాయలేను. "అయి ఎగరాలంటే నీళ్ల మీద ఎంతదూరం పరిగెత్తాలో తెలుసునా నీకు? ఊరికే లేపితే తిన్నదంతా దానికే పాయె" అన్నది మాత్రం రాయొచ్చు. కాకినాడలో మేష్టారు చెప్పిన లెక్కే ఇది. అప్పుడు ఇతను అక్కడ లేడు, ఆ మాట వినలేదు.

ఫ్లెమింగోలు గూడు పెట్టేది ఇక్కడ కాదు, గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. మన దగ్గర తినడానికి మాత్రమే ఉంటాయి. ఆ తిండి కూడా సరస్సులో ఉప్పూ మంచినీళ్లూ సరైన పాళ్లలో ఉన్నంతకాలమే. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడుకుపోయి, సముద్రం నీళ్లు లోపలికి రావడం తగ్గిందని గైడు వాపోయాడు. అతనికి అది ముందు చేపల సమస్య, రొయ్యల సమస్య. పిట్టల సంగతి ఆ తర్వాత. తీయించమని ఏళ్లుగా అడుగుతున్నామన్నాడు.

ఆఖర్న కూలి ఇచ్చేటప్పుడు అతను డబ్బు లెక్కపెట్టుకోకుండా, మేష్టారి పాత బైనాక్యులర్స్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తూ ఇదెంతుంటది సార్ అని అడిగాడు. మేష్టారు దాన్ని అతని మెడలో వేసేశారు. నేను కొత్తది కొనుక్కోవాలనుకుంటూనే ఉన్నానని అబద్ధం చెప్పారు. తిరుగు ప్రయాణంలో విజయవాడ దాకా మేష్టారు నా బైనాక్యులర్స్ అడిగి అడిగి తీసుకున్నారు.

నెల తిరక్కుండా లిస్టు మిత్రుడికి సూళ్లూరుపేట నుంచి ఫోన్. నీళ్లు బాగా తగ్గినయి సార్, పొడుగుముక్కు గుంపు కొత్తది ఒకటి దిగింది, మీ యాప్‌లో లేదు కదా, వస్తారా అని. మా వాడు నన్నడక్కుండానే రైలు టిక్కెట్లు చూడడం మొదలుపెట్టాడు. మొన్న వదిలేసిన రోళ్లపాడు కూడా కలిపితే కారే నయమని నేనూ, ఈసారి తన లెన్సుకు వేరే కారు కావాలని కెమెరా మిత్రుడూ ఇప్పుడు వాదించుకుంటున్నాం.